బందరు రేవుకు వెనకున్న నేల

తెల్లవారుజామున గిలకలదిండి మొగ దగ్గర నిలబడితే బందరు, అంటే మచిలీపట్నం, రేవు కథ సగం అక్కడే అర్థమవుతుంది. వేట ముగించుకుని వచ్చిన మరపడవలు మొగ బయటే ఇంజన్లు తగ్గించుకుని ఆగిపోతాయి. లోపలికి రావాలంటే పోటు రావాలి. ఆటు మీద ఉన్నప్పుడు నీళ్లు చాలవు, తొందరపడితే పడవ అడుగు ఇసుక మేటకు తగిలి పక్కకు ఒరుగుతుంది. ఈలోగా పెట్టెల్లో ఐసు కరుగుతుంటుంది, ఒడ్డున సావుకార్లు చెప్పే రేటు దిగుతుంటుంది. బందరులో పెరిగిన నేను చిన్నప్పటి నుంచీ చూసిన దృశ్యం ఇది. మొగ పూడింది, తవ్వారు, మళ్లీ పూడింది. ఇంతే.

అదే తీరంలో తపసిపూడి దగ్గర ఇప్పుడు సముద్రంలోకి బండరాళ్ల గోడలు వెళ్తున్నాయి. టిప్పర్లు రాయి తెచ్చి పోస్తుంటే అలల మధ్య బ్రేక్‌వాటర్ పెరుగుతోంది. డ్రెడ్జర్లు అడుగున ఇసుక తోడుతున్నాయి. తొలి దశలో ఓడలు ఆగి సరుకు దించే 4 బెర్తులు, ఏడాదికి సుమారు 35 మిలియన్ టన్నుల సామర్థ్యం, 5 వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చు. 2026లో మొదటి ఓడ రావాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు. రామాయపట్నం, మూలపేటల్లోనూ ఇలాగే కొత్త రేవులు లేస్తున్నాయి. కానీ ఆ రెంటికీ లేనిది బందరుకు ఒకటుంది. ఇది కొత్త రేవు కాదు, పోగొట్టుకున్న రేవు. ఎందుకు పోయిందో తెలియకపోతే, తిరిగొస్తున్నది నిలబడుతుందో లేదో కూడా తెలియదు.

బందరు అనే మాటే పారసీకంలో రేవు అని అర్థం. గోల్కొండ నవాబుల కాలంలో దక్కనుకు సముద్రపు వాకిలి ఇదే. డచ్చివాళ్లు 1605లో ఇక్కడ దుకాణం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. కోరమాండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికి మొదటి మెట్టు బందరే, మద్రాసు కాదు. మద్రాసు పుట్టడానికి ఇంకా 28 ఏళ్లుంది. ఫ్రెంచివాళ్లు 1669లో వచ్చారు. ఆ కాలంలో వజ్రాల కోసం మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, బంగాళాఖాతం మొత్తంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని రాశాడు. పెగూ, సయాం, మక్కా, హోర్ముజ్, సుమత్రాలకు ఇక్కడి నుంచే ఓడలు వెళ్లేవని కూడా చెప్పాడు.

ఆ ఓడల్లో ఏం వెళ్లేది? ముఖ్యంగా బట్ట. చిరివేరు ఎరుపూ నీలిమందు నీలమూ ఎక్కించిన అద్దకం బట్ట. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగం కొనాలంటే డచ్చివాళ్ల వెండి కన్నా మన బట్టకే విలువ ఎక్కువ. అందుకే వాళ్లు ఇక్కడికొచ్చారు. బందరు పక్కనున్న పెడనలో ఇవాళ్టికీ కలంకారీ అచ్చులు వేస్తున్న ఇళ్లున్నాయి. టేకు దిమ్మ మీద పువ్వు చెక్కి, రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క పోటు పొడుస్తారు. ఆ చప్పుడు వీధి చివర వరకూ వినబడుతుంది. బందరు రేవు వైభవంలో ఇంకా ప్రాణంతో మిగిలింది అదొక్కటేనని నా నమ్మకం. డచ్చివాళ్ల విషయానికొస్తే, వాళ్ల సమాధుల తోట ఉంది. నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు. పురావస్తు శాఖ కంచె వేసి కాపాడుతోంది.

రేవు చచ్చిపోవడానికి ఉప్పెన కారణమని మా ఊళ్లో చాలామంది చెబుతారు. కొంత నిజమే. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం 13 అడుగుల ఎత్తున ఊరి మీద పడింది. బందరులో, చుట్టుపక్కల ఊళ్లలో కలిపి 30 వేల మంది పోయారు. మరుసటి ఏడాదే కోటలోని సైన్యాన్ని ఖాళీ చేయించారు. ఇంత దెబ్బ తిన్న ఊరు కోలుకోవడం కష్టం. కానీ ఉప్పెనలు తిన్న రేవులు లోకంలో చాలా ఉన్నాయి, అవన్నీ మూతబడలేదు. బందరు అంతకు ముందే తగ్గింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడగానే రేవుకు వెనక ఉన్న దన్ను పోయింది. వజ్రమైనా, బట్టయినా, బందరులో పుట్టినవి కావు. లోపలి నుంచి రావాలి. లోపల అల్లకల్లోలమైతే తీరం ఎండిపోతుంది.

కృష్ణ తెచ్చే ఒండ్రు రెండో కారణం. డెల్టా ప్రతి ఏటా ఇంతింత సముద్రంలోకి జరుగుతూ వచ్చింది. తీరం దగ్గర లోతు లేదు. తెరచాప ఓడల కాలంలో ఇది పెద్ద లోపం కాదు, అవి దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు సరుకు మోసేవి. అందుకే టావెర్నియేకు మంచి రేవుగా కనబడిన చోటే ఆవిరి ఓడలకు పనికిరాని రేవు అయింది. ఓడ పెరిగింది, ఇక్కడి నీటి లోతు మాత్రం పెరగలేదు.

మూడో కారణం గురించి ఎక్కువగా మాట్లాడరు. నా లెక్కలో అదే పెద్దది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, బందరు కాలువ వచ్చింది. ధాన్యం పడవల్లో బందరు చేరేది. మంచిదే. కానీ అదే కాలువల వ్యవస్థ ఏలూరు కాలువ ద్వారా గోదావరితో కలిసింది, సరుకు కాకినాడకు వెళ్లగలిగింది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసింది, సరుకు మద్రాసుకు వెళ్లగలిగింది. తలుపు ఒకటి తెరిచి రెండు కిటికీలు తీశారు. ఆ తర్వాత రైలు వచ్చింది. నిజాం రైలు 1889లో బెజవాడకు చేరింది, హైదరాబాదు సరుకుకు దారి దొరికింది. 1899 నాటికి బెజవాడ మద్రాసుతో కలిసిపోయింది. బందరుకు మాత్రం రైలు 1908 దాకా రాలేదు. ఆ ఇరవై ఏళ్లలో వర్తకులు అలవాటు మార్చుకున్నారు. ఒకసారి దారి మార్చిన సరుకు ఊరికే తిరిగిరాదు.

విశాఖ చూడండి. మాంగనీసు గనుల కోసం రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తి చేశారు. ఆ తర్వాత 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త హార్బర్‌లోకి వచ్చింది. ముందు వెనకున్న నేలకు దారి వేశారు, తర్వాత ఓడను పిలిచారు. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ చాటు దొరకడం అదృష్టం. ఆ రైలు మార్గం మాత్రం అదృష్టం కాదు, ప్రణాళిక.

రేవు పోయిన బందరు చదువుల ఊరయింది. జాతీయ కళాశాల, కృష్ణా పత్రిక, 1923లో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు. వకీళ్లు, మేష్టర్లు, గుమాస్తాలు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు ఇంటింటి పనిగా వచ్చాయి. పట్టుదల ఉన్న ఊరే. కానీ చదువుకున్న పిల్లలు ఉద్యోగానికి బెజవాడ, హైదరాబాదు బస్సెక్కాల్సిందే. జిల్లా కేంద్రమై ఉండి ఇంత నిశ్శబ్దంగా సాయంత్రాలు గడిపే ఊరు కోస్తాలో ఇంకొకటి నాకు తెలియదు. పోర్టు కావాలన్న కోరిక అక్కడి నుంచి పుట్టింది. నెలల తరబడి రిలే దీక్షలు జరిగాయి, బందులు జరిగాయి. పార్టీలు మారినా ఆ డిమాండు మారలేదు.

2008 ఏప్రిల్ 23న కరగ్రహారం దగ్గర ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది జులైలో నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం రేవు ప్రారంభమైంది. ఇక్కడ మాత్రం మరుసటి జనవరిలో సత్యం కుంభకోణం బయటపడి, ఆ కుటుంబానికి చెందిన, ఈ పోర్టు కట్టాల్సిన మేటాస్ కుంగిపోయింది. ప్రాజెక్టు నవయుగ సంస్థ చేతికి వెళ్లింది. ఏళ్లు గడిచాయి. రాష్ట్రం విడిపోయాక 2015లో పోర్టు కోసం, దాని పక్కన పారిశ్రామిక వాడ కోసం వేల ఎకరాలకు భూసేకరణ నోటిఫికేషన్ వచ్చింది. అప్పుడు ఊళ్లు తిరగబడ్డాయి. పోర్టు వద్దని కాదు, పోర్టుకు అంత భూమి ఎందుకని. రైతులు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నోటిఫికేషన్‌లో పడిన పొలం అమ్ముడుపోదు, దాని మీద అప్పు పుట్టదు, ఆడపిల్ల పెళ్లి ఆగుతుంది. నాకు తెలిసిన ఒక రైతు రెండెకరాల పాసు పుస్తకం పట్టుకుని నాలుగేళ్లు తిరిగాడు. ఆ భూమి చివరికి పోర్టులోకి రానేలేదు.

2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు మళ్లీ పనులు ప్రారంభించారు. ఆగస్టులో కొత్త ప్రభుత్వం నవయుగ ఒప్పందాన్ని రద్దు చేసింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2023 మే 22న జగన్మోహన రెడ్డి తపసిపూడిలో మరోసారి శంకుస్థాపన చేశారు. ఈసారి కట్టేది మారిటైమ్ బోర్డు, అంటే ప్రభుత్వమే. డబ్బు అప్పుగా తెచ్చింది, పనులు మేఘా సంస్థకు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది. ఈసారి పనులు ఆగలేదు. పదిహేనేళ్లలో బందరుకు జరిగిన పెద్ద మేలు ఇదేనంటాను. ఏ ముఖ్యమంత్రికి ఎంత పేరు రావాలో వాళ్లు తేల్చుకోవచ్చు, రాయి పడటం ఆగకపోతే చాలు.

ఇక వెనకున్న నేల సంగతి. ఈసారి కొంత సిద్ధంగా ఉంది. పుణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది, బెజవాడ నుంచి ఇక్కడికి నాలుగు వరసలయింది. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ రహదారి కూడా ఊరిని తాకుతూ పోతుంది. గుడివాడ రైలు మార్గం డబుల్ లైను అయింది, కరెంటు వచ్చింది. సరుకు కూడా ఉంది. డెల్టా బియ్యం, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల రొయ్య, జగ్గయ్యపేట, పల్నాడు, నల్గొండ సిమెంటు. సముద్రం లేని తెలంగాణ, హైదరాబాదు పక్కన తలపెట్టిన ఫ్యూచర్ సిటీ నుంచి బందరు పోర్టుకు కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారి కావాలని కేంద్రాన్ని అడుగుతోంది. గోల్కొండ నుంచి బందరుకు బండ్లు నడిచిన దారి మళ్లీ అడుగుతున్నారన్న మాట. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

అయినా రెండు విషయాలు మనసులో గుచ్చుకుంటున్నాయి. బియ్యానికి కాకినాడ, రొయ్యకు విశాఖ, కృష్ణపట్నం ఇప్పటికే అలవాటైన దారులు. ఎగుమతిదారు ఊరి మీద ప్రేమతో రేవు మార్చడు. రైలు పెట్టె నేరుగా బెర్తు దాకా రావాలి, కోల్డ్ స్టోరేజీ, కస్టమ్స్ అక్కడే ఉండాలి. పోర్టు గోడలకు చూపిన తొందర పోర్టుకు వెళ్లే పట్టాల మీద ఇంకా కనబడటం లేదు. మచిలీపట్నం, రేపల్లె రైలు మార్గం తరాలుగా అర్జీల్లోనే ఉంది. అది పడితే మద్రాసు వైపు దగ్గర దారి అవుతుంది.

రెండోది ఇసుక. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా గోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. విశాఖలో హార్బర్ కట్టాక ఆర్కే బీచ్ కోత మొదలై, పోర్టు తవ్విన ఇసుకనే తెచ్చి బీచ్‌లో పోస్తూ వస్తున్నారు. బందరులోనూ ఆ పని మొదటి రోజు నుంచే బడ్జెట్‌లో ఉండాలి. ఉత్తరం వైపు పల్లెలు కొట్టుకుపోయాక కాదు. మడ అడవులు ఉన్నచోట ముట్టుకోకూడదు. 1977లో దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాకు మడ చెట్టు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

గిలకలదిండిలో చేపల హార్బర్ విస్తరణ పనులు కూడా మొదలయ్యాయి. మొగకు రెండు పక్కలా గోడలు కట్టి, లోతు తవ్వి, పోటు కోసం ఆగకుండా పడవలు వచ్చేలా చేస్తామన్నది మాట. పెద్ద పోర్టుకు 80 వేల టన్నుల ఓడ ఎప్పుడొస్తుందో ఊరంతా లెక్కపెడుతోంది. మొగ బయట ఆగిన మరపడవలో కూర్చున్న మనిషి మాత్రం ఆకాశం వైపు, నీటి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పోటు రావడానికి ఇంకా గంటన్నర ఉంది.