సంగటికి ఎన్ని నీళ్లు?

చిన్నోడా, పాపా,

మొన్న మీ మెసేజ్ చూసినా, "అవ్వా, సంగటికి హౌ మెనీ వాటర్స్ పోయాల" అని. తప్పుపట్టేకి కాదుమ్మా, ఆ తప్పు యాడ నుంచి వచ్చిందో చెప్దామని రాస్తాండా.

చెనిక్కాయలు ఎన్ని, బెల్లం ఎంత అని మనకూ ఉంది కదా, ఎన్నికి మెనీ, ఎంతకు మచ్. చిక్కేందంటే మనం నీళ్లు, పాలు, డబ్బులు అని అన్నిటికీ 'లు' తగిలించేస్తాం, అందుకే "ఎన్ని నీళ్లు" అని నోటికొచ్చేస్తుంది, ఇంగ్లీషులో ఏమో వాటర్, మిల్క్, మనీ లెక్కకు రావు, హౌ మచ్ అనే అడగాల. గ్లాసులైతే లెక్కకొస్తాయి, హౌ మెనీ గ్లాసెస్. రూపీస్‌కి మెనీ, మనీకి మచ్. 1820లో మన కడపకొచ్చిన బ్రౌన్ దొర తెలుగు నేర్చుకునేటప్పుడు ఇదే చిక్కు అటుపక్క నుంచి పడింటాడు అనుకుంటా. లగేజ్, ఫర్నిచర్, అడ్వైస్, హోంవర్క్, వీటికి చివర ఎస్ పెట్టగాకండి, బస్టాండులో అందరూ లగేజీలు అంటారు గానీ అది తెలుగు మాట.

ఇంగ లిటిల్ సంగతి, ఇది బాగా చూడండి. ఎండాకాలం, ట్యాంకరు రాలేదు, బిందె అడుగున నాలుగు చెంబుల నీళ్లుండాయి. "దేర్ ఈజ్ లిటిల్ వాటర్" అంటే కొంచెమే ఉండాయి, యాడ చాలతాయి అని దిగులు. అదే ముందర 'ఎ' పెట్టి "ఎ లిటిల్ వాటర్" అంటే, కొంచెం ఉండాయిలే, పొద్దుటికి సరిపోతాయి అని. నీళ్లు అవే, బిందె అదే! చెనిక్కాయల మాదిరి లెక్కకొచ్చేవాటికి ఫ్యూ, ఎ ఫ్యూ కూడా ఇట్లనే.

తక్కువ అనేదానికి చెనిక్కాయలైతే ఫ్యూయర్, బెల్లమైతే లెస్. కానీ ఒంటిమిట్ట మనకు "లెస్ దాన్ 30 కిలోమీటర్స్", అంకె ఉన్నా సరే లెస్సే, ఎందుకంటే కిలోమీటర్లు ఒక్కొక్కటి ఏరడంల్యా, మొత్తం దూరం చూస్తాండాం. టైముకీ, డబ్బుకీ అంతే. ఏది పెట్టాలో తోచకపోతే ఎ లాట్ ఆఫ్ రెండిటికీ నడుస్తుంది, అయినా దానిమీదే ఆనుకోవద్దండి.

హౌ మచ్ వాటర్ అన్నారు కదా, గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల ఎసరు, అన్నం మెత్తగా ఉడికినాక గ్లాసు రాగిపిండి పైన కుప్పగా పోసి, మంట తగ్గించి మూత పెట్టి, పిండి ఉడికినాకనే తెడ్డుతో కెలకండి, ముందే కెలికితే గడ్డలు కడతాది.

మీ అవ్వ
కడప