వెళ్ళాక చెప్తే వెజ్ చేసిపెడతారా? జపాన్ ర్యోకాన్ గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం రాత్రి ఏడుంపావుకి ఫోన్ వచ్చింది, మా ఊరికి బస్ ఎక్కే నగనొహరా స్టేషన్ నుంచి. "అన్నా, మీరు తెలుగువాళ్ళని మా ఫ్రెండ్ చెప్పాడు, మేం ఆరుగురం, ట్రైన్ మిస్సయి లేటయింది, ఇంకో గంటలో వచ్చేస్తాం, అందరం ప్యూర్ వెజ్ అన్నా, కిచెన్‌లో చెప్పి కాస్త అన్నం పప్పు పెట్టించు చాలు, ఇంకేం వద్దు." వెనకాల పాప ఏడుపు వినిపిస్తోంది.

నేను జపాన్‌లో వేడినీటి ఊటల ఊరు కుసాత్సులో, తొమ్మిది గదుల చిన్న ర్యోకాన్‌లో, అంటే పాతకాలపు పద్ధతి సత్రంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నా. ఫ్రంట్ డెస్క్ చూసేది నేనే, భోజనాలు వడ్డించేది నేనే, రాత్రి గదుల్లో ఫుటాన్లు, అంటే నేల మీద వేసే పరుపులు, పరిచేదీ నేనే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని డైనింగ్ రూమ్ వైపు చూస్తే ఆ ఆరుగురి ట్రేలు ఆరింటి నుంచీ అలాగే ఉన్నాయి, సాషిమి (పచ్చి చేప ముక్కలు) మీద కప్పిన కవర్ లోపల చెమ్మ పట్టేసింది, ఒక్కో ట్రేలో చిన్న కుండ, దాని కింద ఇంకా వెలిగించని నీలం ఇంధనం బిళ్ళ, కుండలో పందిమాంసం ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. బుకింగ్‌లో వెజ్ అన్న మాట ఎక్కడా లేదు.

మా వంట మాస్టర్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఒక్క మాట అనకుండా మళ్ళీ అన్నం పెట్టి, ఉప్పు చేతులతో ఉండలు చుట్టి, టోఫు మీద సోయా సాస్ వేసి, దోసకాయ కోసి ఇచ్చాడు. వాళ్ళు పాపం అదే తిన్నారు. పెద్దవాళ్ళకి తలకి 22,000 యెన్లు పూర్తిగా కట్టారు, కట్టక తప్పదు, ఎందుకంటే ఆ భోజనం వండేశారు. ఇలాంటిది నెలకి రెండు మూడు సార్లు నా కళ్ళ ముందే జరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: ర్యోకాన్ అంటే చాపలు పరిచిన హోటల్, వెళ్ళాక ఏం కావాలో చెప్పుకోవచ్చు.

వాస్తవం: చిన్న ర్యోకాన్‌లో మీరు డబ్బు కట్టేది గదికి కాదు, ప్రధానంగా భోజనానికి. ఇక్కడి లెక్క "ఇప్పాకు నిషోకు", అంటే ఒక రాత్రి రెండు పూటల తిండి, అదీ తలకి ఇంత అని. మెనూ కార్డు ఉండదు, రెస్టారెంట్ ఉండదు, ఆర్డర్ తీసుకునేవాళ్ళు ఉండరు. ఎంతమంది వస్తున్నారో చూసుకుని అంతమందికే సరుకు తెస్తారు, ముందు రోజే కొన్ని నానబెడతారు, ఊరబెడతారు. ఎనిమిది తొమ్మిది చిన్న చిన్న వంటకాలు, ఒక్కోటి మనిషికి ఒక్కో గిన్నె. అందులోంచి చేప తీసేసి మిగతాది తింటాం అంటే కుదరదు, మిగతాదాంట్లో కూడా చేప ఉంటుంది. ఇది మనవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

దాషి సంగతి దయచేసి బుర్రలో పెట్టుకోండి. జపాన్ వంటకి పునాది దాషి అనే రసం, ఎక్కువగా ఎండబెట్టి పొగపట్టిన కాత్సువో చేపని చెక్కపొట్టులా గీసి తీస్తారు. మిసో సూప్‌లో అదే, ఉడికించిన కూరల్లో అదే, టెంపురా బజ్జీలు ముంచుకునే సాస్‌లో అదే, సోబా నూడుల్స్ పులుసులో అదే. పాలకూర ఉడికించి పెట్టినా దాని మీద ఆ చేప పొట్టు చల్లుతారు. "వెజిటేరియన్" అని చెప్తే ఇక్కడ చాలామందికి మాంసం తినరని మాత్రమే అర్థం అవుతుంది, చేప తింటారనుకుంటారు, రసం అసలు లెక్కలోకే రాదు. వాళ్ళు మోసం చేయట్లేదండీ, వాళ్ళ దృష్టిలో అది నిజంగానే కూరగాయల వంట.

అందుకని బుక్ చేసేటప్పుడే మెసేజ్ పెట్టండి, "నికు మో సకానా మో దామే, కాత్సువో దాషి మో దామే దెసు" అని. మాంసం వద్దు, చేప వద్దు, కాత్సువో రసం కూడా వద్దు అని అర్థం. గుడ్డు తినకపోతే "తమాగో మో దామే" అని కలపండి. సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో తీసిన రసం కూడా ఉంటుంది, ముందే తెలిస్తే చాలామంది వంటవాళ్ళు దాంతో చేసిపెడతారు. జవాబు వచ్చేదాకా కన్ఫర్మ్ అయిందనుకోవద్దు. "దేకిమాసెన్" అన్నారంటే చేయలేం అని, బతిమాలితే మారే మాట కాదు, నమ్మండి. అప్పుడు "సుదోమారి" ప్లాన్ తీసుకోండి, తిండి లేకుండా గది, స్నానం మాత్రమే, చాలా చౌక, తిండి మీరు చూసుకోవచ్చు. గదిలో కుక్కర్ మాత్రం పెట్టొద్దు, అది తతామీ అనే గడ్డి చాపల నేల, ఆవిరి పడినా మరక పడినా పాడవుతుంది. ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టని పెద్దవాళ్ళతో వస్తే కోయాసాన్ కొండ మీద గుళ్ళ వసతుల్లో ఉండండి, అక్కడ సన్యాసుల వంట షోజిన్ ర్యోరి, అది నిజంగా శాకాహారం. వేడినీటి ఊట మాత్రం అక్కడ అరుదు.

టైము కూడా తిండి లెక్కే. చెకిన్ మూడింటికి మొదలు, భోజనం ఆరు, ఆరున్నర. టోక్యోలోని ఉయెనో స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా రెండున్నర గంటలు, ఆ పైన బస్ ఇరవై ఐదు నిమిషాలు, కాబట్టి టోక్యోలో మధ్యాహ్నం మూడు దాటేదాకా షాపింగ్ చేసి బయలుదేరితే భోజనం దాటిపోతుంది. లేటవుతుందని తెలిసిన నిమిషంలో ఫోన్ చేయండి, ఏడింటికి కాదు. ఇద్దరికని బుక్ చేసి నలుగురు వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, ఇక్కడ అదనంగా వచ్చిన ఆ ఇద్దరికీ పరుపూ ఉండదు, పళ్ళెమూ ఉండదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. టిప్ ఇవ్వాలి అంటారు, అక్కర్లేదు. బిల్లులో 150 యెన్ల లాంటి చిన్న మొత్తం అదనంగా కనిపిస్తే అది వేడినీటి ఊట స్నానానికి వేసే పన్ను, మోసం కాదు. ఆడా మగా కలిసి స్నానం చేస్తారు అంటారు, అలాంటివి కొన్ని ఉన్నా చాలా తక్కువ, మామూలుగా వేర్వేరే. గర్భిణులు అస్సలు దిగకూడదు అంటారు, ఈ నీళ్ళలో ఎవరు దిగకూడదో చెప్పే జాబితాలోంచి ప్రభుత్వం 2014లో గర్భాన్ని తీసేసింది, అయినా మీ డాక్టర్‌ని అడిగి రండి. యుకాతా (ర్యోకాన్‌లో ఇచ్చే నూలు అంగీ) కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది శవానికి.

వాట్సాప్‌లో తిరిగే ఒకదాని మీద మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, ఈ నీళ్ళలో మూడు రోజులు మునిగితే షుగర్, బీపీ పోతాయని. ఒకాయన మాత్రలు ఇంట్లో వదిలేసి మరీ వచ్చారు. కుసాత్సు నీళ్ళు గట్టి యాసిడ్, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చిన్న గాయం ఉన్నా మండుతుంది, కళ్ళలో పడితే ఇంకా. హాయిగా ఉంటుంది, కీళ్ళు సడలుతాయి, ఆ రాత్రి బాగా నిద్ర పడుతుంది. కానీ మాత్రలు మానొద్దు. భోజనం చేసిన వెంటనే, తాగి ఉన్నప్పుడు దిగొద్దు, పది నిమిషాలకి ఒకసారి బయటికి రండి, ముందూ వెనకా మంచినీళ్ళు తాగండి, లేచేటప్పుడు మెల్లగా లేవండి.

బట్టల్లేకుండా అందరి ముందూ ఎలా అనే భయం ఉందే, దాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. పోయినేడాది ఒక అత్తగారూ కోడలూ వచ్చారు. ఆ పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, కోడలి ముందు నేనెలా దిగుతాను, నేను గదిలోనే కూర్చుంటాలే" అంది. ఆవిడ ముంజేతి మీద చిన్నప్పటి పచ్చబొట్టు ఉంది, అది చూసి రానివ్వరేమో అని ఇంకో దిగులు. మా దగ్గర "కాషికిరి" ఉంది, అంటే లోపల గడియ వేసుకుని ఒక్క కుటుంబమే వాడుకునే స్నానపు గది, 45 నిమిషాలు. చాలా ర్యోకాన్లలో ఉంటుంది, కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల వేరే డబ్బు, పచ్చబొట్టు ఉన్నా అక్కడ ఎవరూ అడగరు. బయట పెద్ద స్నానశాలలో టాటూ రూల్ ఊరికో రకం, ఇంటికో రకం, ముందే అడగాలి. ఆవిడ ఒక్కర్నీ పంపించా. తెల్లారి ఆరింటికి నేను లేచేసరికి నా డెస్క్ ముందు నిలబడి ఉంది, మళ్ళీ తాళం ఇస్తావా బాబూ అని.

పెద్ద స్నానానికి వెళ్ళేవాళ్ళు ముందు పీట మీద కూర్చుని సబ్బుతో పూర్తిగా కడుక్కుని అప్పుడు దిగాలి, జుట్టు ముడేసుకోవాలి, చిన్న టవల్ నీళ్ళలో ముంచకూడదు. ఇంకోటి, గుమ్మానికి వేలాడే తెర రాత్రికి రాత్రి మారుస్తారు, రెండు స్నానశాలలూ అందరికీ దక్కాలని. నిన్న మగవాళ్ళది ఇవాళ ఆడవాళ్ళది అవుతుంది. పొద్దున్నే నిద్రమత్తులో నిన్నటి గుమ్మంలోకే వెళ్ళబోయిన ఒకాయన్ని మా వాళ్ళు ఆఖరి క్షణంలో ఆపారు. ప్రతిసారీ తెర మీద అక్షరం చూడండి (男 మగవాళ్ళది, 女 ఆడవాళ్ళది), రంగుని నమ్మొద్దు.

వెండి పట్టీలు, మెట్టెల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి నీళ్ళలో, ఆవిరిలో గంధకం ఉంటుంది, పది నిమిషాల్లో వెండి నల్లగా అయిపోతుంది. మెట్టెలు తీయడం చాలామందికి ఇష్టం ఉండదు, నాకు తెలుసు, మా అమ్మ కూడా తీయదు. తీయలేకపోతే అలాగే దిగండి, నల్లబడితే కంగారు పడొద్దు, వెండి ఎక్కడికీ పోలేదు. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద తగిలేలా మెట్టెలు పెట్టి, వంటసోడా వేసి మరిగే నీళ్ళు పోస్తే కాసేపట్లో మళ్ళీ తెల్లగా వస్తాయి. ఫాయిల్, సోడా మా కిచెన్‌లో ఉంటాయి, అడగండి.