కాలువ గట్టు మీది ఇంజనూ, కారులోకి వచ్చిన విమానం ఇంజనూ

దాళ్వా (రెండో పంట) చివర్లో కాలువలో నీళ్ళు తగ్గి, నీటి వంతు ఎప్పుడొస్తుందా అని చూసే రోజుల్లో మా కోనసీమలో గట్ల మీదకి ఆయిల్ ఇంజన్లు దిగుతాయి. హ్యాండిల్ పెట్టి తిప్పితే స్టార్ట్ అయ్యే చిన్న డీజిల్ ఇంజను, పక్కన పంపు, అంతే. క్లచ్ లేదు, గేర్లు లేవు. ఒకసారి అందుకుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. పంపు నుంచి సన్న గొట్టం ఒకటి ఇంజన్‌లోకి పెడతారు చూడండి, తను తోడే నీళ్ళతోనే అది చల్లబడుతుంది.

ఈ ఇంజన్‌కి దగ్గరి చుట్టం ఎవరని అడిగితే నేను కారు ఇంజను అని చెప్పను, పాతకాలపు విమానం ఇంజను అంటాను. అదీ అంతే, గంటల తరబడి దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది, తను తిప్పే ప్రొపెల్లర్ తోసే గాలితో, ఎగురుతున్నప్పుడు ఎదురొచ్చే గాలితో చల్లబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రొపెల్లర్ మొదట్లో ఏమీ అడగదు. వేగం సగానికి తగ్గితే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పంపుదీ దాదాపు ఇదే తీరు. అందుకే రెండిటికీ క్లచ్ అక్కర్లేదు, ఇంజను మెల్లగా అందుకునేటప్పుడు బరువు కూడా మెల్లగానే పెరుగుతుంది.

కారు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. బురదలో దిగిన బండిని లాగే ఎడ్లని చూసినవాళ్ళకి తెలుసు, మొదటి లాగుడే ప్రాణం తీస్తుంది, కదిలాక తేలిక. కారుకీ నిలబడ్డ చోట నుంచి లేచేటప్పుడే ఎక్కువ లాగుడు కావాలి, ఇంజనేమో ఆగిపోయే వేగంలో అసలు లాగలేదు. ఈ ఇబ్బంది దాటడానికే క్లచ్, గేర్ బాక్స్. విమానం ఇంజన్‌ని కారులో పెట్టినవాళ్ళ కష్టాల్లో సగం ఇక్కడే ఉన్నాయి.

అయినా పెట్టారు, ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి విమానం ఇంజన్లు గుట్టలుగా మిగిలిపోయాయి. అమెరికాలో లిబర్టీ అనే ఇంజను ఒక్కటే 20 వేలకి పైగా తయారైంది. 12 సిలిండర్లు, వాటి లోపలి చోటు మొత్తం 27 లీటర్లు. మారుతి 800 ఇంజను మొత్తం కలిపి 0.8 లీటరు, లిబర్టీలో ఒక్క సిలిండరే 2.25 లీటర్లు! ఇంత చేసీ అది ఇచ్చేది 400 నుంచి 450 హార్స్‌పవర్. ఇప్పుడు రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్‌తో 400 హార్స్‌పవర్ ఇచ్చే కార్లు అమ్ముతున్నారు. అప్పటి ఇనుము, అప్పటి పెట్రోలు ఒక కారణమైతే, రెండో కారణం ప్రొపెల్లరే. మూడు మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2000 సార్లు తిరిగితే దాని రెక్క చివర సెకనుకి 314 మీటర్లు పోతుంది, శబ్దం వేగం సుమారు 340. అది దాటితే గాలిని తోయడం తగ్గి, మోత, నష్టం పెరుగుతాయి. ప్రొపెల్లర్‌ని వేగంగా తిప్పకూడదు కాబట్టి ఇంజను నెమ్మదిగా తిరగాలి, నెమ్మదిగా తిరుగుతూనే శక్తి ఇవ్వాలంటే పెద్దదై కూర్చోవాలి.

ఇంగ్లండ్‌లో కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ 1921లో పాత మెర్సిడెస్ చట్రం మీద 23 లీటర్ల మేబాక్ విమానం ఇంజను బిగించి రేసుల్లో నడిపాడు. తర్వాత లిబర్టీతో ఇంకో కారు కట్టాడు, ఆయన 1924లో రేసులో చనిపోయాక దాన్ని వేల్స్ ఇంజనీరు పారీ థామస్ 125 పౌండ్లకి కొన్నాడు. కారుకి బాబ్స్ అని పేరు పెట్టి 1926 ఏప్రిల్‌లో వేల్స్‌లోని పెండైన్ ఇసుక తీరం మీద గంటకి 275 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

ఇసుక మీద ఆ వేగం ఎలా సాధ్యం అనిపిస్తుంది కదా? అంతర్వేది వెళ్ళినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి, పొడి ఇసుకలో బండి చక్రం కూరుకుపోతుంది, అదే అల వెనక్కి వెళ్ళిన తడి ఇసుక మీద గట్టి రోడ్డు మీద పోయినట్టు పోతుంది. రేణువుల మధ్య పలచగా నిలిచిన నీరు వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. పెండైన్‌లోనూ ఆటు సమయంలో తేలే తడి ఇసుకే ట్రాకు. 1927 మార్చి 3న అక్కడే బాబ్స్ పల్టీ కొట్టి థామస్ చనిపోయాడు. కారుని ఆ ఇసుకలోనే పాతేశారు. 42 ఏళ్ళ తర్వాత, 1969లో, ఒక ఇంజనీరింగ్ లెక్చరర్ తవ్వించి బయటికి తీసి, ఏళ్ళ తరబడి ఓపికగా బాగుచేసి మళ్ళీ నడిపించాడు. ఉప్పు నీళ్ళలో నానిన ఇనుముని మళ్ళీ పనికి తెచ్చిన ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం.

చల్లదనం సంగతి ఇంకో కష్టం. బ్రిటిష్ రేసర్ మాల్కం క్యాంప్‌బెల్ తన బ్లూబర్డ్ కారులో పెట్టింది 36.7 లీటర్ల రోల్స్ రాయిస్ ఆర్ ఇంజను, నీటి మీద దిగే రేసు విమానాల కోసం తయారైంది, 2300 హార్స్‌పవర్ పైమాటే. రేడియేటర్‌లోకి గాలి పోతే ఇంజను చల్లబడుతుంది, కానీ అదే గాలి కారుని వెనక్కి లాగుతుంది. అందుకని వేగం కొలిచే మైలు దూరం రేడియేటర్ ముందున్న తలుపు మూసేసేవాడు. ఆ కొద్ది సెకన్లు లోపలి నీళ్ళే వేడిని ఓర్చుకోవాలి. 1935 సెప్టెంబర్ 3న అమెరికాలోని బోన్విల్ ఉప్పు నేల మీద ఇలాగే గంటకి 484 కిలోమీటర్లు దాటాడు.

విమానం ఇంజను నేల మీద నిజంగా కుదురుకున్నది ట్యాంకులో. రెండో ప్రపంచ యుద్ధంలో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్‌కి సూపర్‌ఛార్జర్ తీసేశారు. పైన పలచని గాలిని ఒత్తి లోపలికి పంపడం దాని పని, ట్యాంకు ఆకాశంలోకి వెళ్ళదు కదా. అలా వచ్చిన మీటియర్ ఇంజను సుమారు 600 హార్స్‌పవర్ ఇచ్చేది. 1965 యుద్ధంలో మన సైన్యం నడిపిన సెంచూరియన్ ట్యాంకుల్లో ఉన్నది అదే.

జెట్ కాలంలో టర్బైన్ వచ్చింది, అంటే మండిన వేడి వాయువులు రెక్కల చక్రాన్ని తిప్పే ఇంజను. క్రైస్లర్ కంపెనీ 1963 నుంచి 50 టర్బైన్ కార్లని మామూలు జనానికి వాడి చూడమని ఇచ్చింది. లోపలి చక్రం నిమిషానికి 44 వేల సార్లకి పైగా తిరిగేది, యాక్సిలరేటర్ తొక్కితే అది వేగం అందుకోవడానికి ఒక క్షణం పట్టేది, సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడ్డా ఇంధనం బాగా తాగేది. ఊళ్ళో తిరిగే కారుకి ఈ రెండూ సరిపడవు. 1997 అక్టోబర్ 15న శబ్దం వేగాన్ని దాటి గంటకి 1228 కిలోమీటర్లు వెళ్ళిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి అనే కారు ఈ చిక్కులన్నీ పక్కన పెట్టేసింది. ఫాంటమ్ యుద్ధ విమానాల్లో వాడిన రకం రెండు జెట్ ఇంజన్లు గాలిని వెనక్కి నెడితే కారు ముందుకి పోయింది, చక్రాలకి ఇంజన్‌తో సంబంధమే లేదు, అవి ఊరికే దొర్లే అల్యూమినియం చక్రాలు.

మా రేవులో నాటు పడవ వెనక బిగించేది కాలువ గట్టు మీది లాంటి డీజిల్ ఇంజనే, పొడుగు షాఫ్ట్, దాని చివర చిన్న ప్రొపెల్లర్. ఒడ్డున తాడు విప్పి స్టార్ట్ చేస్తే గేరు మార్చే పని లేకుండా అవతలి లంకకి చేరిపోతుంది, ఎందుకంటే అక్కడ తిప్పాల్సింది మళ్ళీ రెక్కలే, చక్రం కాదు.