ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోవడం: అమెరికా ఎలక్టోరల్ కాలేజీ వెనుక కథ

2016 ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అధ్యక్షుడైంది మాత్రం ట్రంప్. 2000లో అల్ గోర్‌కూ ఇదే జరిగింది. 1876లో, 1888లో కూడా ఓట్లు తక్కువ వచ్చినవారే శ్వేతసౌధానికి వెళ్లారు. అమెరికన్లు వేసే ఓటు చట్టరీత్యా అభ్యర్థికి కాక, అతని తరఫున రాష్ట్రం పంపే ఎలక్టర్లకు పడుతుంది. ఎలక్టోరల్ కాలేజీ అంటే ఆ 538 మందే; వారిలో 270 మంది మద్దతున్నవారు గెలిచినట్టు. ఈ తిరకాసంతా రాజ్యాంగ నిర్మాతలే పెట్టి పోయారని అంటుంటారు గానీ, అందులో సగమే నిజం.

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ జరిగినప్పుడు అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని జేమ్స్ విల్సన్ వంటివారు వాదించారు. జేమ్స్ మాడిసన్ కూడా ఆ పద్ధతే మేలని ఒప్పుకుంటూనే, దక్షిణాదికి అందులో ఒక చిక్కుందని జులై 19న సభలో చెప్పారు: అక్కడి జనాభాలో పెద్ద భాగమైన నల్లజాతి బానిసలకు ఓటు లేదు కనుక, ఓట్లు లెక్కపెడితే ఉత్తరాదిదే పైచేయి అవుతుంది. ఎలక్టర్ల పద్ధతిలో ఆ చిక్కు తీరింది. ప్రతినిధుల సభలో సీట్ల కోసం ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టేవారు. ఎలక్టర్ల సంఖ్యనూ ఆ సీట్లకు, ప్రతి రాష్ట్రానికీ ఉండే రెండు సెనేట్ సీట్లు కలిపి లెక్కించడంతో, ఓటు లేని మనుషుల బలం వారి యజమానుల రాష్ట్రాలకు దక్కింది. తొలి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియావారే అధ్యక్షులుగా ఉండడానికి ఇదొక్కటే కారణమనలేం గానీ, ఇది లేకుండా ఆ చరిత్ర అర్థం కాదు.

ఎలక్టర్లను ఎలా ఎంచుకోవాలన్నది మాత్రం రాజ్యాంగం రాష్ట్రాల శాసనసభలకే వదిలేసింది. అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. 1796లో జాన్ ఆడమ్స్ థామస్ జెఫర్సన్‌పై 71-68 తేడాతో గెలిచారు. జెఫర్సన్‌కు కంచుకోటలైన వర్జీనియాలోనూ, నార్త్ కరోలినాలోనూ జిల్లాలవారీగా ఎలక్టర్లను ఎన్నుకోవడం వల్ల ఒక్కో ఓటు ఆడమ్స్‌కు జారిపోయింది. ఆ రెండూ జారకపోయి ఉంటే ఫలితమే తారుమారయ్యేది. ఆ దెబ్బతో 1800 ఎన్నికలకు ముందు వర్జీనియా జిల్లాల పద్ధతిని ఎత్తేసి, రాష్ట్రంలో గెలిచినవారికే ఎలక్టర్లందరూ దక్కేలా చట్టం మార్చుకుంది. జిల్లాల పద్ధతే మంచిదని, అయితే మిగతా రాష్ట్రాలు పాటించనప్పుడు తాము పట్టుకు వేలాడడం తెలివితక్కువతనమని జెఫర్సన్ ఒక లేఖలో రాశారు. ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ కూడా ఊరుకోలేదు. ఎలక్టర్ల ఎంపికను ప్రజల చేతుల్లోంచి తీసి శాసనసభకు అప్పగించింది. ఒకరిని చూసి ఒకరు మారి, 1836 నాటికి శాసనసభే ఎంపిక చేసే సౌత్ కరోలినా తప్ప రాష్ట్రాలన్నీ వర్జీనియా దారి పట్టాయి. రాజ్యాంగం రాసినప్పుడు తమ మనసులో ఉన్నది జిల్లాల పద్ధతేనని మాడిసన్ 1823లో రాసినా పట్టించుకున్నవారు లేరు.

ఈనాటి తగువుకు మూలం, నా ఉద్దేశంలో, సెనేట్ సీట్ల లెక్కతో చిన్న రాష్ట్రాలకు దక్కే అదనపు బలం కన్నా, రాష్ట్రంలో గెలిచినవారికే ఎలక్టర్లందరూ దక్కే ఈ గంపగుత్త పద్ధతే. 2020లో ట్రంప్‌కు అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వేసిన రాష్ట్రం టెక్సస్ కాదు, కాలిఫోర్నియా. ఆ 60 లక్షల ఓట్లకు ఆయనకు దక్కిన ఎలక్టర్లు సున్నా. 2000లో ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే, ఓటు కార్డుకు ఓటరు పెట్టిన చిల్లు పూర్తిగా తెగిందా, కాగితం ముక్క ఇంకా వేలాడుతోందా అని అధికారులు ఒక్కో కార్డునూ వెలుతురుకు ఎత్తిపట్టి, కళ్లు చికిలించి చూశారు. సుప్రీంకోర్టు ఆ లెక్కింపును ఆపించాక మిగిలిన 537 ఓట్ల తేడాతో 25 మంది ఎలక్టర్లూ జార్జ్ బుష్ ఖాతాలో పడ్డారు.

ఎలక్టోరల్ కాలేజీ రద్దుకు అతి దగ్గరగా వచ్చింది 1969లో. అంతకు ముందు ఏడాది జాతి వేర్పాటువాది జార్జ్ వాలెస్ 46 మంది ఎలక్టర్లను గెలుచుకోవడంతో, ఎవరికీ మెజారిటీ రాకపోతే ఆయనతో బేరాలాడాల్సి వస్తుందన్న భయం రెండు పార్టీలకూ పట్టుకుంది. నేరుగా ఓటర్లే ఎన్నుకోవాలన్న సవరణను ప్రతినిధుల సభ 338-70తో ఆమోదించింది, అధ్యక్షుడు నిక్సన్ సమర్థించారు. సెనేట్‌లో మాత్రం స్ట్రామ్ థర్మండ్, శామ్ ఎర్విన్ వంటి దక్షిణాది సెనేటర్లు ప్రసంగాలతో కాలయాపన చేసి 1970లో దాన్ని ఓటింగ్‌కే రానివ్వలేదు. నల్లజాతివారికి ఓటు హక్కు గట్టిపడి అప్పటికి ఐదేళ్లే అయింది. గంపగుత్త పద్ధతి ఉన్నంతకాలం దక్షిణాదిలో వారి ఓట్లు ఎలక్టర్ల లెక్కలో కనబడకుండా పోయేవి.

రాజ్యాంగ సవరణ కష్టమని తేలాక కొన్ని రాష్ట్రాలు పక్కదారి వెతికాయి. దేశం మొత్తమ్మీద ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామన్న ఒప్పందంలో 2007లో మేరీల్యాండ్ మొదట చేరింది; 2024లో మెయిన్ చేరికతో ఆ రాష్ట్రాల బలం 209కి పెరిగింది. అది 270కి చేరితేనే ఒప్పందం అమల్లోకి వస్తుంది. ఇందుకు అవి ఆధారం చేసుకున్నది, ఎలక్టర్లను తమకు నచ్చినట్టు ఎంచుకోవచ్చంటూ రాజ్యాంగం శాసనసభలకు ఇచ్చిన అధికారాన్నే; 1800లో వర్జీనియా వాడుకున్నదీ దాన్నే.