సూర్యుడికీ మన మిర్చి కల్లం మీద పడే పిడుగుకీ మధ్య ఏముంది?

పోయిన ఏప్రిల్‌లో ప్రత్తిపాడు దగ్గర మా పిన్ని వాళ్ల కల్లంలో ఉన్నాను. మిర్చి ఆరబోసి ఉంది, నలుగురు ఆడకూలీలు వేపచెట్టు కింద కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పడమట మబ్బు ఇంకా దూరంగానే ఉంది కానీ బాబాయి పాత రేడియోలో విజయవాడ కేంద్రం పాట మధ్యమధ్యలో చిటపటమనడం మొదలైంది. మీడియం వేవ్‌లో ఆ చిటపట అంటే ఎక్కడో మెరుపు మెరిసిందని, ఉరుము మనకి వినపడకముందే. ఇంతలో ఫోన్‌కి విపత్తుల సంస్థ పిడుగు హెచ్చరిక వచ్చింది, దాని వెనకే చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్: సూర్యుడిలో పేలుళ్లు ఎక్కువయ్యాయి, అందుకే పిడుగులు ఎక్కువ పడుతున్నాయి అని. "నిజమేనా రా?" అని పిన్ని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ మెసేజ్‌లో నిజమైన సగానికి రెండొందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, మిగతా సగం ఇంకా తేలలేదు.

సూర్యుడికీ పిడుగుకీ మధ్య లంకె కావచ్చని అనుమానించేది ఆకాశం నుంచి పడే కాస్మిక్ కిరణాలని. వాటి కథ ఒక చిన్న చిక్కుతో మొదలైంది. ఇంటర్ ల్యాబులో బంగారు రేకుల విద్యుద్దర్శిని చూసే ఉంటారు, విద్యుదావేశం ఇస్తే రెండు రేకులు విడిపోతాయి, వదిలేస్తే మెల్లగా మళ్లీ దగ్గరికొస్తాయి. గాలి కరెంటుని పోనివ్వదు కదా, మరి ఆవేశం ఎటు పోతోంది? 1785లోనే కూలుంబ్ దీన్ని గమనించాడు. 1901లో సి.టి.ఆర్. విల్సన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్తకి అనుమానం వచ్చింది, బయటి నుంచి ఏవో కిరణాలు వచ్చి గాలిని కరెంటు మోసే అయాన్లుగా చీలుస్తున్నాయేమో అని. రాత్రిపూట రైళ్లు ఆగాక పరికరాన్ని ఒక రైల్వే సొరంగంలోకి తీసుకెళ్లి చూశాడు. తేడా ఏమీ కనపడలేదు, దాంతో ఆ ఆలోచన వదిలేశాడు. సొరంగం రాళ్లలోంచి వచ్చే రేడియోధార్మికత ఆయన్ని తప్పుదారి పట్టించింది. చేతికందిన జవాబు అలా జారిపోయిందే అని నాకు చదివిన ప్రతిసారీ బాధగా ఉంటుంది.

1910లో థియోడర్ వుల్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈఫిల్ టవర్ ఎక్కి ఈ కిరణాల్ని కొలిచాడు, 1911లో ఇటలీలో డొమినికో పాచీని అనే ఆయన పరికరాన్ని సముద్రపు నీటిలో ముంచి కొలిచాడు. తేల్చింది మాత్రం ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్. 1912 ఆగస్టు 7న హైడ్రోజన్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కాడు. నేల మీద కన్నా పైన అయాన్లు కొన్ని రెట్లు ఎక్కువ పుడుతున్నాయి, అంటే కిరణాలు పైనుంచే వస్తున్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ కూడా ఎగిరి చూశాడు, సూర్యుడు మరుగునపడినా లెక్క తగ్గలేదు. కాబట్టి ఇవి ప్రధానంగా సూర్యుడివి కావు, ఇంకా అవతల నుంచి వస్తున్నాయి. వాటికి కాస్మిక్ కిరణాలనే పేరు 1925లో అమెరికన్ శాస్త్రవేత్త మిలికన్ పెట్టాడు, మన పాఠ్యపుస్తకాల్లో విశ్వకిరణాలు అంటారు. హెస్‌కి 1936లో నోబెల్ వచ్చింది.

మరి సూర్యుడి ప్రసక్తి ఎందుకు? ఇక్కడే మెసేజ్ రాసినవాళ్లు తలకిందులు చేసేశారు. 1937లో స్కాట్ ఫోర్బుష్ అనే అమెరికన్ చూసిందేమిటంటే, సౌర తుఫాను భూమిని తాకినప్పుడు కాస్మిక్ కిరణాలు పెరగవు, తగ్గుతాయి. 1954 నాటికి ఇంకో మాట కూడా తేల్చాడు: సూర్యుడి మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి కదా, మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఈ కిరణాలు తక్కువ, మచ్చలు లేని ఏళ్లలో ఎక్కువ. కారణం 1958లో యూజిన్ పార్కర్ సౌర పవనం గురించి చెప్పాక అర్థమైంది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ఆ ఆవేశిత కణాల గాలి తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది, బయటి నుంచి వచ్చే కిరణాలని పక్కకి నెడుతుంది. సూర్యుడు చురుగ్గా ఉంటే ఆ గొడుగు గట్టిపడుతుంది, మందగిస్తే పలచబడుతుంది. 1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనపడలేదు. తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు చక్రం తిప్పింది ఆ కాలంలోనే, విజయవాడ కొండలో వాళ్ల పేరుతో గుహలున్నాయి చూడండి, ఆ మాదన్నే. అప్పుడు కాస్మిక్ కిరణాలు ఎక్కువ పడ్డాయనడానికి ధ్రువాల మంచులో, చెట్ల వలయాల్లో ఆనవాళ్లు దొరికాయి.

ఇంకో సంగతి మనకి ముఖ్యం. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర. ఇక్కడికి నిట్టనిలువునా దిగాలంటే కణానికి సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, తక్కువ శక్తి ఉన్నవాటిని భూమి అయస్కాంతమే తిప్పి పంపేస్తుంది. ఆ తేడా కొలవడానికే మిలికన్ బృందం దేశ విభజనకి ముందే ఇక్కడికి వచ్చి బెంగళూరు, ఆగ్రా, పెషావర్‌లలో బెలూన్లు ఎగరేసింది. సూర్యుడి చురుకుదనంలో వచ్చే మార్పు ధ్రువాల దగ్గర కనిపించినంతగా మన దగ్గర కనిపించకపోవడానికి కూడా ఇదే కారణం.

ఇక గాలిలో కరెంటు. మబ్బు లేని రోజున కూడా గాలిలో విద్యుత్తు ఉంటుందని 1752లోనే ఫ్రాన్స్‌లో లెమోనియే కనిపెట్టాడు. నేల దగ్గర మీటరుకి దాదాపు 100 వోల్టులు. పైన కరెంటుని బాగా పోనిచ్చే గాలి పొర అయనోవరణానికీ నేలకీ మధ్య సుమారు రెండున్నర లక్షల వోల్టుల తేడా. నిలబడ్డ మనిషికి షాక్ ఎందుకు కొట్టదంటే, మన ఒళ్లు గాలికన్నా ఎంతో మంచి వాహకం, పైగా పారే కరెంటు మరీ స్వల్పం. భూమి మొత్తానికి కలిపితే మాత్రం వెయ్యి ఆంపియర్లకు పైనే. ఇంత కరెంటు కారిపోతుంటే తేడా నిమిషాల్లో మాయమవ్వాలి, కానీ కావట్లేదు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ మోగుతుండే ఉరుముల మబ్బులే దాన్ని మళ్లీ మళ్లీ నింపుతున్నాయని 1920లలో చెప్పింది ఎవరనుకున్నారు, సొరంగంలో దారి తప్పిన ఆ విల్సనే. కార్నెగీ అనే ఓడ మహాసముద్రాల మీద చేసిన కొలతలు ఆయన మాటకి బలమిచ్చాయి. సముద్రాల మీద, నేలకి కొన్ని కిలోమీటర్ల ఎత్తున గాలి కొద్దిగానైనా కరెంటుని పోనిస్తోందంటే అది కాస్మిక్ కిరణాల పుణ్యమే, నేలని ఆనుకుని ఉన్న గాలిలో అయితే మట్టిలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కూడా తోడవుతుంది. కాబట్టి సూర్యుడు మారితే కిరణాలు మారతాయి, కిరణాలు మారితే గాలి వాహకత మారుతుంది. ఇంతవరకు గట్టి నేలే.

పిడుగు దగ్గరికొచ్చేసరికి ఈ నేల మెత్తబడుతుంది. మబ్బులో కొలిచిన విద్యుత్ క్షేత్రం, పిడుగు పుట్టడానికి కావాల్సిన దాంట్లో పదో వంతు దగ్గరే ఉంటోంది, మరి నిప్పు ఎవరు అంటిస్తున్నారు? కాస్మిక్ కిరణం వదిలే వేగమైన ఎలక్ట్రాన్లే అంటించవచ్చని 1992లో గురెవిచ్ బృందం ప్రతిపాదించింది. 2014లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు, వేగమైన సౌర పవనం తాకిన తర్వాతి 40 రోజుల్లో తమ దేశంలో సగటున 422 పిడుగులు, అంతకుముందు 40 రోజుల్లో 321 లెక్కపెట్టారు. ఆ గాలితో వచ్చే తక్కువ శక్తి కణాల మీద వాళ్ల అనుమానం. అలాంటివి మన అక్షాంశానికి దిగలేవని పైన చెప్పుకున్నాం. బ్రిటన్ లెక్కని తెచ్చి గుంటూరుకి అతికించడం తప్పు.

మన దగ్గరి లెక్కే చూద్దాం. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ ఏడాది సూర్యుడు పడుకున్నట్టే ఉన్నాడు, 2019 చివర్లో ఆ పదకొండేళ్ల చక్రం అడుగుకి చేరింది. ఒక్క రోజుతో ఏదీ రుజువు కాదు, ఒప్పుకుంటాను, కానీ సూర్యుడిలో పేలుళ్లే పిడుగులకి కారణమనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. మన వేసవి పిడుగుకి కావాల్సినవన్నీ ఇక్కడే ఉన్నాయి: కాగిన నేల, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ, ఓ ద్రోణి, నిలువునా లేచే క్యుములోనింబస్ మేఘం, దాని లోపల ఒకదాన్నొకటి రాసుకునే మంచు పలుకులు.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఊటీలో జరిగింది. అక్కడి గ్రేప్స్-3 ప్రయోగశాలలో కాస్మిక్ కిరణాల నుంచి పుట్టే మ్యూయాన్లు అనే కణాల్ని లెక్కపెడతారు. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు పైనుంచి పోతుంటే మ్యూయాన్లు తగ్గాయి. ఎంత తగ్గాయో చూసి, ఆ మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని 2019లో లెక్క తేల్చారు. మబ్బులో వంద కోట్ల వోల్టులు ఉండొచ్చని 1929లో అంచనా వేసింది కూడా విల్సనే.

పిన్నికి ఇదంతా చెప్పే టైము లేదు ఆ సాయంత్రం. రేడియోలో చిటపట ఎడతెగకుండా వస్తోంది. కూలీలని చెట్టు కింద నుంచి లేపి డాబా ఇంట్లోకి పంపి, బాబాయీ నేనూ మిర్చి మీద పట్టలు లాగాం. తూర్పు అంచున ఒక పట్ట ఇంకా సగమే కప్పామనగా ఉరుము వినపడింది. "వదిలెయ్ రా, లోపలికి రా" అని పిన్ని అరిచింది. వదిలేసి పరుగెత్తాం. ఆ అంచున రెండు బస్తాల కాయ తడిసిపోయింది.