రివాల్వర్ మీద గీతలు: అపోహలు - వాస్తవాలు

ఎన్నికల కోడ్ ముగిసిందంటే నా దగ్గరికి మనుషులు రావడం మొదలవుతుంది. స్టేషన్‌లో డిపాజిట్ చేసిన రివాల్వర్‌ను ఇంటికి తెచ్చుకుని, వెలుతురులో తిప్పి చూసుకుని, గీత కనబడగానే టెన్షన్ పడతారు. నల్గొండలో రిటైరైన పోలీసు ఆర్మరర్‌ని (ఆయుధాలు చూసి బాగుచేసేవాణ్ని) కాబట్టి నన్ను అడుగుతారు. ఏ రివాల్వరైనా ముందు ఖాళీ చేసి, తూటాలు పెట్టే అన్ని చాంబర్లూ కళ్లతో చూశాకే పరీక్ష మొదలుపెడతాను. మీరూ అంతే చేయండి.

అపోహ: సిలిండర్ (చాంబర్లుండి, గుండ్రంగా తిరిగే దిమ్మ) చుట్టూ గీత ఉందంటే ఎవరో పాడు చేశారు.

వాస్తవం: సిలిండర్ కింద ఫ్రేములో స్ప్రింగు మీద లేచే చిన్న ముక్క ఉంటుంది. అది సిలిండర్ మీది గాడిలో పడితేనే సిలిండర్ ఆగుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ తరహా రివాల్వర్లలో అది ముందుగానే లేచి, తర్వాతి గాడి వచ్చేదాకా సిలిండర్‌ను రాసుకుంటూ పోతుంది. అక్కడ బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా లోహానికిచ్చే నల్లటి పూత) పోయి తెల్లటి గీత పడుతుంది. అది వాడకం గుర్తు, అంతే. రూగర్ డబుల్ యాక్షన్లలో (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ అనే సుత్తి వెనక్కి లేచి పడే రకం) ఆ ముక్క గాడి దగ్గరికొచ్చాకే లేస్తుంది, కాబట్టి వాటిలో చుట్టూ గీత పడితే మాత్రం కారణం వెతకాలి.

గీత మీద గోరు నడపండి. గోరు దేనికీ తట్టుకోకపోతే నిశ్చింతగా ఉండండి. నేను గీత కన్నా గాడుల అంచులనే ఎక్కువ చూస్తాను. హ్యామర్‌ను విసురుగా లాగే అలవాటుంటే తిరుగుతున్న సిలిండర్ గాడి అంచు ఆ ముక్కకు కొట్టుకుని, లోహం నలిగి పైకి లేస్తుంది. పెద్ద క్యాలిబర్‌లో, అంటే లావు తూటాల రకంలో, సిలిండర్ బరువు ఎక్కువ కాబట్టి ఆ దెబ్బ కూడా పెద్దదే.

అపోహ: బ్యారెల్ వెనక, ఫ్రేము పైపట్టీ లోపల కోత పడితే తుపాకీ పేలిపోతుంది.

వాస్తవం: సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నటి సందులోంచి వేడి వాయువు ఎగజిమ్మి ఆ కోత పెడుతుంది. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్ లాంటి బలమైన తూటాలతో ఇది తొందరగా కనబడుతుంది. సాధారణంగా కొంత లోతుకు వెళ్లాక నెమ్మదిస్తుంది. సందును ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులతో) కొలవాలి. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన నాలుగు నుంచి ఎనిమిది దాకా మామూలే. సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ నెట్టి చూడండి. బోరు మోటారులో బుష్ అరిగితే షాఫ్ట్ ఆడినట్టు అది ఆడుతుంటే కొలత కూడా మారుతుంది.

నాకు నిజంగా భయం వేసేది బ్యారెల్ మొదట్లో ఒకే పక్క పేరుకున్న సీసం చూసినప్పుడు. చాంబర్ బ్యారెల్‌కు సూటిగా రావడం లేదని, తూటా అంచు చెక్కుకుపోతోందని దాని అర్థం. కాల్చినప్పుడు సీసం తునకలు పక్కనున్నవాళ్ల ముఖానికి తగలొచ్చు. ఖాళీ రివాల్వర్ సిలిండర్ మీద వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్ నెమ్మదిగా లాగండి. హ్యామర్ నిలిచినా సిలిండర్ గాడిలో పడకపోతే, ఇక కాల్చకుండా లైసెన్సున్న రిపేరర్‌కు ఇవ్వాలి. అన్ని చాంబర్లకూ ఈ పరీక్ష చేయండి, ఒక్కదానిలోనే తేడా ఉండొచ్చు.

అపోహ: సినిమాలో లాగా మణికట్టు విదిలించి సిలిండర్ మూస్తే ఏమీ కాదు.

వాస్తవం: సిలిండర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు చేయి వంగుతుంది. రెండు చేతులతో మూయండి.

అపోహ: మెరుస్తోందంటే బాగున్నట్టే.

వాస్తవం: సర్వీసులో ఉండగా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (పోలీసు ఆయుధాల గదిలో) ఒక పాత .455 వెబ్లీ నా చేతికొచ్చింది. నడుం దగ్గర విరిచి తెరిచే రకం అది. పైన ఒక్క గీత లేదు. కానీ దాని మీద చెక్కిన అక్షరాల అంచులు కరిగినట్టు మసకగా ఉన్నాయి, అంటే ఎవరో పాలిష్ పట్టి మళ్లీ బ్లూయింగ్ చేశారు. మూసి పట్టుకుని బ్యారెల్‌ను పైకీ కిందికీ కదిపితే టకటకమంది. కీలూ, పైన పట్టి ఉంచే గొళ్లెమూ రెండూ అరిగాయి. దాన్ని పక్కన పెట్టించాను.

అందుకే గీతను ఎమరీ పేపర్‌తో రుద్దకండి. దానితో పోయేది తుప్పు కాదు, లోహం. పైగా రేపు మీ రివాల్వర్ చూసే రిపేరర్‌కు గుర్తులు కూడా మిగలవు.