డైనోసార్ ముందు నిలబడి పెద్దలు చెప్పే మాటలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ నుంచి స్కూలు పిల్లల్ని హైదరాబాద్ మ్యూజియంలకు తీసుకెళ్లి చూపించడం నా పని. పిల్లల ప్రశ్నలు బ్యాచ్‌కో రకంగా ఉంటాయి. వెంట వచ్చే పెద్దల నమ్మకాలు మాత్రం ఎప్పుడూ అవే.

అపోహ: డైనోసార్లు అమెరికావి, మన దగ్గరెక్కడివి?
వాస్తవం: బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. కాళేశ్వరం దగ్గర నది దాటితే వచ్చే సిరోంచ ప్రాంతంలో బరపాసారస్ అనే మరో డైనోసార్ బయటపడింది. దాన్ని చూడాలంటే మాత్రం కోల్‌కతా వెళ్లాలి.

అపోహ: ఆ అస్థిపంజరం ఒకే జంతువుది. (లేదంటే, "అంతా ప్లాస్టరే సార్!")
వాస్తవం: రెండూ తప్పే. కోటాసారస్ ఎముకలు కనీసం 12 జంతువులవి. వాటిని కలిపి ఒక రూపం కట్టారు. పుర్రె దొరకనే లేదు, రెండు పళ్లు తప్ప. అంటే అందరూ సెల్ఫీ దిగే ఆ తల, దగ్గరి జాతులను చూసి వేసిన అంచనా. ఇందులో మోసమేమీ లేదు, ఇలా కూర్చడం ప్రపంచమంతటా ఉన్నదే. ఏది అసలు, ఏది అచ్చు పోసింది అని అక్కడి సిబ్బందిని అడగండి. నాకైతే డైనోసార్ ఎంత పొడవన్న దానికన్నా ఆ ప్రశ్నే ఇష్టం.

అపోహ: సింగరేణి బొగ్గు డైనోసార్ల నుంచే వచ్చింది.
వాస్తవం: భూపాలపల్లి, మంచిర్యాల పిల్లలు ఇంట్లో విని వచ్చి మరీ వాదిస్తారు! ఆ బొగ్గు చెట్లది. 25 కోట్ల ఏళ్లకు పూర్వమే, పెర్మియన్ యుగంలో, గ్లాసాప్టెరిస్ వంటి చెట్ల అడవులు చిత్తడి నేలల్లో పూడుకుపోయాయి. అప్పటికి డైనోసార్లు పుట్టనే లేదు. ఎక్కడైనా నాలుక ఆకారంలో ఉండే గ్లాసాప్టెరిస్ ఆకు ముద్ర ఉన్న రాయి కనిపిస్తే, పిల్లల్ని అక్కడ కాసేపు ఆపండి.

అపోహ: ఇంటరాక్టివ్ మ్యూజియం అంటే అన్నీ ముట్టుకోవచ్చు.
వాస్తవం: ముట్టుకోమని రాసి ఉన్నవే. స్టఫ్ చేసిన జంతువుల జోలికి అసలే పోవద్దు. పురుగు పట్టకుండా పాతకాలంలో ఆ తోళ్లకు ఆర్సెనిక్ అనే విషం పూసేవారు. అదే చేత్తో పులిహోర డబ్బా తెరిచే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్.

అపోహ: గంటలో చూసేయొచ్చు.
వాస్తవం: చూడొచ్చు, బటన్లన్నీ నొక్కేసి బయటపడొచ్చు. చార్మినార్ కూడా అదే రోజు పెట్టుకుంటే జరిగేది అదే. చిన్నపిల్లలుంటే ఒక్క గ్యాలరీ చాలు.